ఉప్పు లోపలికి, చింతపండు బయటికి

ముందే చెప్పేస్తున్నాను, నాకు రాయడం సరిగా రాదు. కొండ కింద ఆశ్రమ పాఠశాలలో అయిదో తరగతి దాకా చదివాను. ఆ తరవాత నేను రాసినవి సంతకాలు, కాఫీ గింజల సంచుల మీద పేర్లు, అంతే. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. ఒక మాట రాసి, పైకి చదివి, తప్పేమో అనిపించి కొట్టేసి, మళ్ళీ అదే మాట రాస్తున్నాను. చదువుకున్నవాళ్ళు చూస్తే నవ్వుతారేమో అని భయంగానే ఉంది. అయినా రాస్తాను. మా అప్పకి జరిగింది ఇంకొకరి ఇంట్లో జరగకూడదని రాస్తున్నాను.

అప్ప అంటే అక్క. మా వైపు అలాగే పిలుస్తాం. నా చిన్నప్పుడే అమ్మ పోతే నన్ను పెంచింది అప్పే. ఆమె భర్త పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. ఆమె ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. పొయ్యిలు మాత్రం వేరు. నేను కూర పంపితే తీసుకునేది కానీ కూడు తన పొయ్యి మీదే వండుకునేది. ఒకరి చేతి కింద ఉండే మనిషి కాదు.

చోడి అంబలి, అంటే రాగి అంబలి, పొయ్యి మీంచి దించీ దించగానే తాగేది. సొరకాయ డొక్కులోంచి ఆవిరి పైకి లేస్తూ ఉండేది.

"ఊదుకుని తాగప్పా, గొంతు కాలిపోద్ది" అంటే నా మీదికి వచ్చేది.

"సల్లారిపోయినాక తాగితే అంబలేటే అది? కుడితి. అట్టుకెళ్ళి ఆవుకి పొయ్యి."

చుట్ట కూడా అంతే. మా దగ్గర పెద్ద ఆడవాళ్ళు చాలామంది కాల్చినట్టే, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చేది. చేతులతో పని చేస్తూ, నోటితో పొగ పీలుస్తూ, మధ్యలో నన్ను తిడుతూ ఉండేది. ఈ వేడి వల్ల వచ్చిందా, ఆ పొగ వల్ల వచ్చిందా అని తరవాత డాక్టరుగారిని అడిగాను. రెండూ మంచివి కావు, మీ అక్కకి దేనివల్ల వచ్చిందో మాత్రం ఎవరూ చెప్పలేరు అన్నారు.

ఆ ఏడాది వానలు వెనకపట్టు పట్టేసరికి అప్ప కోళ్ళు బాగా బలిశాయి. అప్ప చిక్కిపోయింది. కోళ్ళ సంగతి నాకు ముందు అర్థం కాలేదు. ఒకరోజు ఆమె వెనక నుంచి వెళ్తే, కొర్రన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి, అటూ ఇటూ చూసి, అరచేతిలోకి ఉమ్మి కోళ్ళకి వేస్తోంది.

"ఏటప్పా ఇది?"

"కోళ్ళకి పళ్ళు లేవు గదే. నమిలి పెడతన్నాను."

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆమె మెడ కింద ఎముకలు చూశాను. నవ్వు ఆగిపోయింది. ఎదురుగా కూర్చున్నాను.

"నా ముందర ఒక్క ముద్ద మింగు."

"నువ్వేటి, నా అత్తవా?"

"మింగప్పా."

మింగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రొమ్ము మధ్యన చెయ్యి పెట్టి అదుముకుంది. నీళ్ళు తాగింది. ఆ నీళ్ళు, ఆ ముద్ద కలిసి వెనక్కి వచ్చేశాయి. మూతి తుడుచుకుని చిన్నగా అంది, "ఎండలకాలం కాణ్ణుంచి ఇలాగే ఉంది. అడ్డం తిరుగుతంది. నీతో సెప్తే ఊరంతా దండోరా ఏత్తావని సెప్పనేదు."

పట్నం తీసుకెళ్ళాను. పెద్దాసుపత్రిలో కెమెరా ఉన్న గొట్టం గొంతులోంచి దింపి చూశారు, చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. అన్నం దిగే గొట్టంలో పుండు ఉంది, కేన్సరు అని డాక్టరుగారు చెప్పారు. అప్ప వినకూడదని నేను తలుపు దగ్గరికి జరిగాను. ఆమె వెనకే వచ్చి నిలబడింది. "నా పుండు నాకు సెప్పరేటి?" అంది. డాక్టరుగారు మళ్ళీ మొదటి నుంచి ఆమెకే చెప్పారు. కరెంటు లాంటి కిరణాలు పెడతారట. దాంతోపాటు మందు నరంలోకి ఎక్కిస్తారట. మిషను దగ్గర చాలామంది ఉన్నారు, మన వంతు రావడానికి కొన్ని వారాలు పడుతుంది, ఈలోపు మెత్తగా చేసుకుని బాగా తినాలి, ఒంట్లో బలం ఉంటేనే వైద్యం మొదలుపెట్టగలం అన్నారు. పరగడుపున వేసుకోమని గ్యాస్ మాత్రలు ఇచ్చారు.

మేం వరండాలో బల్ల మీద కూర్చుని ఉంటే తెల్ల కోటు వేసుకున్న ఒక అమ్మాయి వచ్చింది. అక్కడ పరిశోధన చేస్తుందట. అప్ప పుండులోంచి పరీక్షకి తీసిన ముక్కలో బియ్యపు గింజంత తమ పనికి ఇవ్వడానికి ఒప్పుకుంటారా అని అడిగింది.

"ఏటి సేత్తారు దాంతోటి? కూర వండుతారా?" అంది అప్ప.

ఆ అమ్మాయి నవ్వి మా పక్కన కూర్చుంది. ఆమె చెప్పింది నాకు గుర్తున్నంత వరకు రాస్తాను. ఇక్కడ తప్పు రాస్తే అది నా తప్పు, ఆమెది కాదు.

"పెద్దమ్మా, మన ఒళ్ళంతా కణాలే. ఒక్కో కణం కంటికి కనపడనంత చిన్న ఇల్లు అనుకోండి. ఆ ఇంటి గోడలకి తలుపులు ఉంటాయి. అన్ని తలుపులూ అన్నిటినీ రానివ్వవు. ఒకదాంట్లోంచి ఉప్పులో ఉండే సోడియం వెళ్తుంది, ఇంకోదాంట్లోంచి కాల్షియం. కొన్ని పంపుల్లాగా తోస్తాయి కూడా. మనం తిన్న తిండి బలంలో చాలా భాగం ఆ పంపులు తిరగడానికే ఖర్చవుతుంది."

"ఆ ఇళ్ళకీ నా పుండుకీ ఏటి సమ్మందం?"

"కేన్సరు కణం ఆగకుండా పెరుగుతుంది. అలా పెరిగేటప్పుడు దాని లోపల పులుపు ఎక్కువగా తయారవుతుంది. యాసిడ్ అంటాం. ఆ పులుపు లోపలే ఉండిపోతే అది బతకలేదు. అందుకని ఒక రకం తలుపులు గోడకి ఎక్కువ పెట్టుకుంటుంది. ఆ తలుపు దగ్గర మారకం జరుగుతుంది. బయట నుంచి సోడియం లోపలికి వస్తే, దానికి బదులు లోపలి పులుపు బయటికి పోతుంది. బయట పడ్డ పులుపు చుట్టుపక్కల మంచి కణాల్ని పాడుచేస్తుంది. అవి చచ్చిన చోటికి ఇది జరుగుతుంది. పాకడానికి ఇదొక దారి. నేను పరిశోధన చేసేది ఆ తలుపుల మీదే."

అప్ప తొడ మీద చరిచింది.

"ఒలమ్మా, అయితే ఇది సంతే గదే! ఉప్పు లోపలికి, సింతపండు బయటికి!"

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. నేను చెప్పాను. మా అమ్మ కాలంలో సంతలో డబ్బు తక్కువగా ఆడేది. కింద నుంచి వర్తకులు ఉప్పు బస్తాలు తెచ్చేవాళ్ళు. కొండ మీద ఉప్పు పుట్టదు కదా. మా వాళ్ళు చింతపండు గంపలు దింపి, ఆ ఉప్పు తెచ్చుకునేవాళ్ళు. అమ్మ నెత్తిన గంప పెట్టుకుని దిగుతుంటే అప్ప కూడా వెళ్ళేది. ఉప్పు కొండెక్కుతుంది, పులుపు కొండ దిగుతుంది.

"సరిగ్గా అంతే పెద్దమ్మా" అంది ఆ అమ్మాయి. ఆమె ముఖం వెలిగిపోయింది. "నేను ఇన్నాళ్ళ నుంచీ చదువుతున్నాను, ఇంత సులువుగా ఎప్పుడూ చెప్పలేకపోయాను."

"ఆ తలుపు ముయ్యలేరా మరి?"

"అదే వెతుకుతున్నాం. ఈ జబ్బుకి అలాంటి మందు ఇంకా రాలేదు. వేరే చోట వేరే తలుపు ముయ్యడం మాత్రం వచ్చు. మీ సంచిలో ఉన్న గ్యాస్ మాత్ర అలాంటిదే. కడుపులోకి పులుపు తోసే పంపుని అది ఆపుతుంది."

అప్ప సంచిలోంచి మాత్ర తీసి వేళ్ళ మధ్య పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. బియ్యపు గింజంత కాదు, ఎంత కావాలంటే అంత తీసుకోండి అని ఒప్పుకుంది. బస్సు ఘాట్ రోడ్డు ఎక్కుతున్నంతసేపూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. జబ్బు తలుచుకుని దిగులు పడుతోందనుకున్నాను. ఆమె పథకం వేస్తోంది.

మర్నాడు పొద్దున్నే ఉప్పు డబ్బా తెచ్చి మా గుమ్మంలో పెట్టింది.

"ఇది నీకాడే ఉంచు. నాను ఈయేల్టి నుంచి సప్పిడి పత్తెం."

"ఎందుకు?"

"ఒలే, ఆ తెల్లకోటు గుంట సెప్పింది ఇన్నావు గదా. ఉప్పు ఎల్తేనే పులుపు బైటికొస్తాది. ఉప్పోడు కొండెక్కకపోతే సింతపండు కొండ దిగదు. దాని పులుపులో అదే నాని సస్తాది. అంత సిన్న మాత్ర ఒక తలుపు మూసెత్తే, ఇంత మడిసిని నానొక తలుపు ముయ్యలేనా?"

డబ్బా తీసుకుని లోపల పెట్టాను. ఇప్పుడు ఆలోచించినా, తెలియనివాళ్ళకి ఆమె మాటలో తప్పు కనపడదు. పైగా చప్పిడి పత్యం మాకు కొత్త కాదు. జ్వరం వస్తే, కామెర్లు వస్తే, బిడ్డ పుడితే ఉప్పు లేని కూడే పెడతారు. ఉప్పు మానడం అంటే రోగాన్ని గట్టిగా పట్టుకోవడం అని మా నమ్మకం. ఊళ్ళో అందరూ అప్పని మెచ్చుకున్నారు. నీకున్న పట్టుదల మాకు లేదమ్మా అన్నారు. అప్ప పట్టుదల సగంలో ఆగేది కాదు. ఒంట్లో ఉన్న పాత ఉప్పు కూడా కడిగెయ్యాలని గెడ్డ నీళ్ళు, అంటే వాగు నీళ్ళు, కుండలు కుండలు తాగేది. గట్టి తిండి ఎలాగూ దిగదు. చప్పిడి గంజి, మంచినీళ్ళు, అంతే.

"ఎలగుంది?" అని మా ఆయన గోడ ఇవతల నుంచి అడిగితే, "గడ్డి తింతన్నట్టుంది. నీ పెళ్ళాం వొండిన కూర కన్నా నయం" అని అటు నుంచి అరిచేది.

నన్ను కూర్చోబెట్టి ఒక మాట కూడా తీసుకుంది. "నాను సస్తే ఈ కొండ మీదే సావాలి. పట్నంలో ఆ తెల్ల గోడల మద్దిన సావనియ్యకు. మాటియ్యి." ఇచ్చాను.

కాఫీ పళ్ళు ఎర్రబడ్డాయి. ఊరంతా తోటల్లోకి వెళ్ళింది. నేను కూడా వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చి అప్పని చూసుకునేదాన్ని. ముందు తలనొప్పి అంది. తరవాత పిక్కలు పట్టేస్తున్నాయంది. తాగిన గంజి కక్కేసేది. నీరసం అనుకున్నాం. ఒకరోజు నేను వచ్చేసరికి ఆమె గడపలో కూర్చుని, ఖాళీ వాకిట్లోకి చూస్తూ, "ఈళ్ళందరూ ఎవరే? సంత మన వాకిట్లో ఎందుకెట్టారు?" అని అడిగింది. నిలబెడితే తూలింది. నన్ను అమ్మా అని పిలిచింది. పరాచికం ఆడుతోందేమో అని ముఖంలోకి చూశాను. ఆడటం లేదు.

ఇది రాయడం కష్టంగా ఉండి ఇక్కడ కొన్నాళ్ళు ఆపేశాను. మళ్ళీ మొదలుపెడుతున్నాను.

ఊళ్ళో పెద్దలు వచ్చి చూశారు. జబ్బు తలకెక్కిపోయింది, ఇంక కదపకూడదు అన్నారు. చూడటానికి మనుషులు వస్తున్నారు. ఒకామె అప్ప కోళ్ళలో ఏ పుంజుని దినానికి ఉంచాలో మాట్లాడుతోంది. అప్ప బతికి ఉండగానే ఆ మాట విన్నాను. ఆవిణ్ణి బయటికి పొమ్మన్నాను. అందరూ నన్నే వింతగా చూశారు.

మా ఆయన నన్ను పక్కకి పిలిచాడు. అతను చెడ్డవాడు కాదు. ఆమె అంటే అతనికీ ప్రాణమే.

"ఒదినికి మాటిచ్చావు గదా, కొండ మీదే ఉంచుతానని. ఇప్పుడు దింపితే దారిలోనే పోద్ది. కాఫీ పళ్ళు కూడా రాలిపోతన్నాయి. ఆమెని పెసాంతంగా ఉండనీ."

"నానిచ్చిన మాట సావడానికి. సావడానికి తీసుకెల్లడం నేదు."

"మరెందుకు?"

"తలకెక్కిందని మీకెవరు సెప్పారు? తలలో కెమెరా ఎట్టి సూశారా? సూసినోళ్ళు సెప్పినాక అప్పుడు తెచ్చి ఈ గడపలోనే పడుకోబెడతాను."

"నేకపోతే?"

"నేకపోతే నన్ను తిట్టుకోండి. మంచం కడతావా, నన్ను కట్టమంటావా?"

కట్టాడు. మా ఊరికి రోడ్డు లేదు. మంచానికి కర్రలు కట్టి, దుప్పటి కప్పి, కింద రోడ్డు దాకా మోశారు. అతనే ముందు కర్ర పట్టాడు. కింద జీపు దొరికింది. దారి పొడుగునా అప్ప తల నా ఒళ్ళోనే ఉంది. ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూనే ఉన్నాను. ఆ దారిలో నాకు ఒక్కటే ఆలోచన. ఇది తప్పయితే అప్ప నన్ను క్షమించదు. కాకపోతే తిడుతుంది. తిట్టాలని కోరుకున్నాను.

ఆసుపత్రిలో రక్తం తీశారు. తలకి కూడా పరీక్ష చేశారు. డాక్టరుగారు నన్ను లోపలికి పిలిచారు.

"ఏం తింటోందమ్మా ఈవిడ?"

"సప్పిడి గంజి బాబూ. పత్తెం."

"ఉప్పు అసలు లేకుండానా?"

"కంట్లో ఏసుకుందుకు కూడా నేదు. నీళ్ళు మాత్రం తెగ తాగుతాది."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "జబ్బు తలకెక్కలేదు. రక్తంలో ఉప్పు పడిపోయింది. బాగా పడిపోయింది. ఇంకా ఆలస్యం చేసి ఉంటే దక్కేది కాదు."

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. అప్పని చంపుతున్నది జబ్బు కాదు. జబ్బుని చంపడానికి ఆమె వేసిన ఎత్తు.

ఉప్పునీళ్ళ సీసా కట్టారు. చుక్క పడటానికి ఎంతోసేపు పడుతోంది. "బేగి ఎక్కించండి బాబూ" అన్నాను. తొందరగా ఎక్కిస్తే మెదడు దెబ్బతింటుంది, మెల్లగానే పెంచాలి, మాటిమాటికీ రక్తం చూస్తూ పెంచాలి అని చెప్పారు. మంచం పక్కన కూర్చుని ఆ చుక్కలనే చూశాను. ఆ సీసాని చేత్తో పిండెయ్యాలనిపించేది. చేతులు ఒళ్ళో కట్టుకుని కూర్చున్నాను.

అప్ప కళ్ళు తెరిచి కుదురుగా నన్ను చూసి అన్న మొదటి మాట, "ఏటే ఆ జుత్తు, దెయ్యంలాగ? దువ్వెన నేదా పట్నంలో?"

ఆ తిట్టు విని నేను ఏడ్చిన ఏడుపుకి నర్సమ్మ పరుగున వచ్చింది.

సంగతి తెలిసి ఆ పరిశోధన అమ్మాయి కూడా వచ్చింది. ఆమె ముఖం పాలిపోయి ఉంది. "నేను చెప్పింది విని మీరు ఇలా చేస్తారని అనుకోలేదు పెద్దమ్మా" అని కళ్ళు తుడుచుకుంది.

"నువ్వు సెప్పింది అబద్దమేటి?"

"నిజమే. కానీ సగమే చెప్పాను. ఆ సంత మీ పుండులో ఒక్కచోటే కాదు. మీ ఒళ్ళంతా జరుగుతుంది. మీ గుండె కొట్టుకోవాలన్నా, కాలు కదలాలన్నా, ఇప్పుడు మీరు నాతో మాట్లాడాలన్నా సోడియం ఆ గోడలు దాటి తిరుగుతూ ఉండాలి. మీరు ఉప్పు ఆపేస్తే అన్ని కొట్లూ మూతపడతాయి. కేన్సరు గట్టి వర్తకుడు. దాని కొట్టు అన్నిటికన్నా ఆఖర్న మూతపడుతుంది. ముందు మూతపడేది మీ తల."

అప్ప మెల్లగా ఆమె వైపు తిరిగింది.

"అంటే ఆడి కొట్టు ఒక్కటే ముయ్యాలి. మిగతాయి తెరిచుండాలి."

"అవును. ఆ ఒక్క తాళంచెవి కోసమే మేం వెతుకుతున్నాం. దొరికేదాకా కిరణాలు, నరంలో ఎక్కించే మందు, ఇవే ఉన్నాయి. వాటికి తట్టుకోవాలంటే మీరు తినాలి. ఉప్పేసుకుని తినాలి."

"సరే. ఏడవకు. నువ్వు ఎతుకు. నాను తింతాను." ఆ అమ్మాయి చెయ్యి తట్టింది. తరవాత నా వైపు తిరిగి, "ఇన్నాళ్ళూ ఆ గడ్డి ఊరికే తిన్నానేటే!" అంది. ఆమెకి నిజంగా కోపం వచ్చింది. ప్రాణం పోబోయినందుకు రాలేదు కానీ, రుచి లేని గంజి తాగినందుకు వచ్చింది.

తినడానికి గొంతు ఒప్పుకోవాలి కదా. ముక్కులోంచి కడుపులోకి సన్నటి గొట్టం వేస్తామన్నారు. అప్ప గొట్టాన్ని చూసి, "ఏనుగునేటి నాను, ముక్కుతో తాగడానికి?" అని మొండికేసింది. బలం లేకపోతే వైద్యం మొదలుపెట్టరు అని మళ్ళీ చెప్పాను. మూతి ముడుచుకుని ముక్కు ఇచ్చింది.

ఆసుపత్రి దగ్గర రోగులు ఉండే సత్రంలో గది ఇచ్చారు. కొండ మీద పళ్ళు కొయ్యడం మా ఆయన చూసుకుంటానన్నాడు. కొన్ని చెట్ల మీదే ఎండిపోయాయట. పోనీ అన్నాను. నేను చోళ్ళు వేయించి పిండి కొట్టి, పాలతో పల్చగా కాచి, వడగట్టి, డాక్టరుగారు చెప్పినంత ఉప్పు వేసి, గోరువెచ్చగా చల్లార్చి, గొట్టంలోంచి కొంచెం కొంచెం పోసేదాన్ని. గుడ్డు, పప్పుకట్టు అన్నీ అలాగే వెళ్ళేవి. మొదట్లో భయపడేదాన్ని. గాలి వెళ్తుందేమో, గొట్టం జారుతుందేమో అని. అప్ప కళ్ళతోనే బెదిరించేది. మంచం మీద నిటారుగా కూర్చోబెట్టాలి, పోసిన తరవాత వెంటనే పడుకోనివ్వకూడదు. అన్నీ నేర్చుకున్నాను.

కిరణాలు మొదలయ్యాయి. రోజూ వెళ్ళి వరసలో కూర్చునేవాళ్ళం. మందు ఎక్కించే ముందు ప్రతిసారీ రక్తం తీసి లవణాలు, కిడ్నీలు చూసేవారు. ఆ మందు కూడా ఒంట్లో ఉప్పుని బయటికి పోగొట్టగలదట. ఒకసారి లెక్క సరిపోలేదని మందు ఆపేశారు. అప్పకి నా మీద అనుమానం వచ్చింది.

"ఉప్పు సరిగ్గా ఏశావా?"

"ఏశానప్పా."

"నాలిక్కి తగల్దు గదా, నువ్వేసినట్టు నాకేటి నమ్మకం? నువ్వు తాగి సూపించు."

ఆ రోజు నుంచి ముందు నేను రెండు గుటకలు తాగి, తరవాత ఆమెకి పోసేదాన్ని. ఆ తరవాతి వారం లెక్క సరిపోయింది. మందు ఎక్కించారు.

సగం దాటాక గొంతు లోపలంతా కాలినట్టయింది. ఉమ్ము కూడా మింగలేకపోయింది. గిన్నె పట్టుకుని అందులోకి కారుస్తూ కూర్చునేది. మెడ మీద తోలు నల్లబడింది. ఒక పొద్దున వరసలోకి రానంది. మూట కట్టుకుని, చేత్తో కొండల వైపు చూపించింది. మాట రావడం లేదు.

నాకు కూడా ఓపిక అయిపోయింది. ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. "ఎల్దాం. మూట నానే మోత్తాను. కానీ ఇది సగమే కాలింది. సగం కాలిన పోడు సూశావు గదా, వానకి ముందే తుప్పలు మళ్ళీ ఎలా లేస్తాయో. అలాటిదాన్ని గొంతులో ఎట్టుకుని ఎక్కుతానంటే ఎక్కు. కట్టనా మంచం?"

అప్ప నన్ను చాలా కోపంగా చూసింది. గిన్నె తీసి నా చేతిలో పెట్టింది. గోడ పట్టుకుని లేచి, నన్ను ముట్టుకోనివ్వకుండా, మిషను గది వైపు తనే నడిచింది. నేను గిన్నె పట్టుకుని వెనక నడిచాను. ఆ తరవాత ఒక్క రోజు కూడా మానలేదు.

అన్నీ అయ్యాక, పుండ్లు మానడానికి ఆగి, మళ్ళీ కెమెరా దింపి చూశారు. డాక్టరుగారు తెర మీద చూపించారు. గులాబీ రంగు గుహలాగా ఉంది. గడ్డ ఉన్న చోట మచ్చ మాత్రం ఉంది.

"ఇప్పుడు కనపడటం లేదు. కనపడటం లేదంటే పూర్తిగా పోయిందని నేను మాటివ్వలేను. వస్తూ ఉండాలి. చుట్ట ముట్టుకోకూడదు."

"మాటియ్యొద్దు బాబూ" అంది అప్ప. గొంతు బొంగురుగా వచ్చింది. "మాటలు పుచ్చుకుంటే మా సెల్లి తప్పుతాది."

గొట్టం తీసిన రోజు మెత్తటి సామ జావ చెంచాతో ఇచ్చాను. ఆమె నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. గొంతు కదిలింది. నేను, నర్సమ్మ, పక్క మంచం వాళ్ళు అందరం ఆ గొంతునే చూస్తున్నాం. దిగింది. వెనక్కి రాలేదు. అప్ప కళ్ళు తెరిచి, "ఏటి సూత్తారు, ఎప్పుడూ మడిసి తినడం సూడనేదా?" అంది.

ఇప్పుడు అప్ప కొండ మీదే ఉంది. మధ్యలో ఒకసారి గొంతు దారి ఇరుకైతే వెళ్ళి వెడల్పు చేయించుకొచ్చాం. గట్టి తిండి ఇప్పటికీ తినలేదు. చిక్కిన ఒళ్ళు సగమే తిరిగొచ్చింది. ఊళ్ళో ఎవరికి జబ్బు చేసినా చప్పిడి పత్యం అనే మాట వింటే కర్ర పట్టుకుని ఆ ఇంటికి వెళ్తుంది. ముందు డాక్టరుని అడగండి, ఆయన మానమంటేనే మానండి అంటుంది. మీతోనూ నేను చెప్పాలనుకున్నది అదే. విన్నది నిజమే అయినా, దాంతో సొంత వైద్యం చేసుకునే ముందు, చెప్పినవాళ్ళని మళ్ళీ ఒకసారి అడగండి. మనిషి మాట తేడాగా వస్తే, జబ్బు ముదిరిందని వదిలేయకండి. రక్తం తీయించండి.

వచ్చే వారం మళ్ళీ పరీక్షకి వెళ్ళాలి. నాకు భయంగానే ఉంది. నిన్న అడిగాను, మళ్ళీ వచ్చిందంటే ఏం చేద్దామని.

"మళ్ళీ మొదలెడదాం. నువ్వు రాకపోతే నానొక్కదాన్నే ఎల్తాను" అంది.

నేను వెళ్తాను. బట్టలు సర్దేశాను.

ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు, చెయ్యి నొప్పెడుతోంది. ఎక్కడ అక్షరం జారిందో, ఏ మాట ముందుది వెనక పడిందో నాకు తెలీదు. మీకు తెలిస్తే దిద్దుకుని చదవండి, నన్ను తప్పు పట్టకండి, క్షమించండి.